బావిలో బండి, లారీలో ప్రయాణం

ఇరవై ఏళ్ళకు పైగా మోటారు సైకిల్ నడిపి బతికినదాన్ని నేను. అయినా ఆ బండి మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళింది ఒక్కసారి కూడా లేదు. చిత్తూరు నుంచి కార్వేటినగరం పోవాలన్నా ఇప్పటికీ బస్సే ఎక్కుతాను. మా వీధిలో వాళ్ళకు ఇదొక తమాషా. "గోడ మీద బండి తోలినదానివి, రోడ్డంటే బయమా నాగరత్నమ్మా?" అని అడుగుతారు. అవును, భయమే. ఎందుకో అడిగినవాళ్ళు తక్కువ. అడగనివాళ్ళకు కూడా చెబుదామని ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఫోన్లలో వీడియోలు చూసి ఈ పనిలోకి రావాలనుకునే పిల్లల కోసం.

ఎగ్జిబిషన్ మైదానాల్లో జెయింట్ వీల్ పక్కన "మృత్యుబావి" అని బోర్డు కనిపిస్తుంది. చెక్క పలకలు బిగించి గుండ్రంగా, నిట్టనిలువుగా కట్టిన పెద్ద తొట్టి అది. జనం మెట్లెక్కి అంచున నిలబడి లోపలికి తొంగి చూస్తారు. లోపల మేము గోడ మీద బండ్లు తిప్పుతాం. మా వాళ్ళెవరూ దాన్ని మృత్యుబావి అనరు, ఉత్త "బావి" అంటారు. రోజూ అన్నం పెట్టేదాన్ని అంత భయంకరమైన పేరుతో ఎవరు పిలుస్తారు?

షాహీన్ వచ్చింది

ఈ ఏడు మామిడికాయలు దిగే రోజుల్లో షాహీన్ మా ఇంటి ముందు బండి ఆపింది. నాకు పని నేర్పిన బాషన్న కూతురు. తిరుపతిలో ఒక మోటారు సైకిళ్ళ షోరూంలో మెకానిక్‌గా చేస్తుంది. బాషన్నది బంగారుపాళ్యం. వారం వారం తండ్రిని చూడడానికి బండి మీద పోతూ, దారిలో మా ఇంట్లో మంచినీళ్ళు తాగి పోవడం ఆ పిల్లకు అలవాటు.

ఆ రోజు నీళ్ళు తాగకుండానే అడిగింది.

"అత్తా, నేను బావిలో దిగతా. ఒక కంపెనీ వాళ్ళతో మాట్లాడినా. ఆడపిల్ల రైడరుంటే జనం ఎగబడి వస్తారంట."

"మీ నాయనేమన్నాడు?"

"ఏమీ అనలే. మీ అత్తను అడుగు, ఆమె సరే అంటే సరే అన్నాడు. మెల్లంగా తప్పించుకున్నాడు."

బాషన్న తప్పించుకునే రకం కాదు. ఒక మాట కూతురితో చెప్పలేక నా మీదికి తోశాడు. ఆ మాటేమిటో నాకు తెలుసు. ఆదివారం చెబుతాలే అన్నాను. పిల్ల మొహం చూస్తే, నేను వద్దన్నా వెళ్ళేలాగే ఉంది. సరే అంటే మాత్రం రేపే వెళ్ళేలా ఉంది.

గోడ మోసే బరువు

నేను ఈ పనిలోకి వచ్చింది ధైర్యంతో కాదు, ఏమిటో చూద్దామనే దురదతో. అప్పట్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసేదాన్ని. చిత్తూరులో ఎగ్జిబిషన్ పడితే తోటి ఆడవాళ్ళతో వెళ్ళాను. అందరూ రైడరు మొహం చూస్తున్నారు. నేను చక్రం కింద పలకను చూశాను. బండి దాని మీదికి రాగానే పలక కొంచెం వెనక్కి పోయి, బండి దాటగానే మళ్ళీ యథాస్థానానికి వచ్చేస్తోంది. అంత పెద్ద గోడ ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడు కూడా. చివరికి యజమాని చెంగల్రాయుడు నన్ను పట్టుకున్నాడు. మేమందరం తర్వాత ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం.

"ఏం మే, రోజూ వస్తాండావు. మావోళ్ళల్లో ఎవుర్నన్నా చూసుకున్నావా?"

"లేదన్నా. పలకల్ని చూస్తాండా."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, బాషన్నను పిలిచి, "ఈమెకు లోపల చూపీ" అన్నాడు. అలా మొదలైంది. ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. అది ఇక్కడ అనవసరం.

మొదట నేల మీదే గుండ్రంగా తిప్పించేవాడు బాషన్న. కడుపులో తిప్పితే ఉప్పద్దిన మామిడి ముక్క నోట్లో పెట్టేవాడు. కళ్ళు తిరగడం తగ్గాక, నేలకూ గోడకూ మధ్య ఉండే ఏటవాలు మీదికి ఎక్కించాడు. ఆ తర్వాత గోడ. ఎక్కేదాకానే అది గోడ. ఎక్కాక అదే నేల అయిపోతుంది. మామూలు నేల పక్కన ఎక్కడో నిలబడి ఉంటుంది. జనం తలలు నెత్తి మీద కాకుండా భుజం పక్కన కనిపిస్తాయి. చెంపలు బరువెక్కి కిందికి లాగుతాయి, కళ్ళకు అంచుల్లో చీకటి కమ్ముతుంది.

ఎందుకు పడం? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు తిన్నది. షో చూడడానికి వచ్చిన ఒక సైన్సు మాస్టారిని అడిగితే, చెంబులో నీళ్ళు పోసి తాడు కట్టి గిరగిరా తిప్పి చూపించారు. ఒక్క చుక్క కారలేదు. తిప్పడం నెమ్మదించగానే నీళ్ళన్నీ ఆయన చొక్కా మీద పడ్డాయి. "అర్థమైందామ్మా?" అన్నారు. బాగా అర్థమైంది. అయితే మీరూ ఒకసారి వెనక కూర్చోండి సార్ అన్నాను. "అర్థమైంది కాబట్టే కూర్చోను" అని నవ్వి వెళ్ళిపోయారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

మాస్టారు చెంబుతో చూపించిన దాన్నే బాషన్న ఒక్క ముక్కలో చెప్పేవాడు. "బయమేస్తే రేజ్ ఇయ్యి." రేజ్ ఇవ్వడమంటే యాక్సిలరేటరు తిప్పి వేగం పెంచడం. ఏ పనిలోనైనా భయమేస్తే ఆగుతాం. కత్తి జారితే చెయ్యి ఆపుతాం, పాలు పొంగితే మంట తగ్గిస్తాం. బావిలో మాత్రం ఆగితే పడిపోతాం. వేగమే మనల్ని గోడకు అంటిపెట్టేది. అందుకని మా బండ్లకు ముందు బ్రేకు పిడి ఊడదీసి పక్కన పడేసేవాళ్ళు. చేతికి ఆ ఆశే ఉండకూడదని. వెనక బ్రేకు, నేల మీదికి దిగాక కాలితో తొక్కడానికి మాత్రమే.

ఇది చెవికి చెబితే చాలదు, చేతికి నేర్పాలి. దానికి బాషన్నకు ఒక పద్ధతి ఉండేది. నేను ఏటవాలు మీద తిరుగుతుంటే మధ్యలో నిలబడి, ఉన్నట్టుండి ఖాళీ డబ్బా మీద కర్రతో ఫట్టుమని కొట్టేవాడు. ఉలిక్కిపడి నా చెయ్యి రేజ్ వదిలేసేది. బండి జారి కింద పడేదాన్ని. "ఇంగోతూరి" అనేవాడు. మళ్ళీ డబ్బా, మళ్ళీ పడడం. మోచేతులు కొట్టుకుపోయాయి. ఒక రోజు డబ్బా మోగింది, గుండె ఝల్లుమంది, నేను ఏమీ అనుకోకముందే నా కుడి మణికట్టు రేజ్ తిప్పేసింది. బండి ఏటవాలు దాటి నేరుగా గోడెక్కింది. బాషన్న కర్ర పారేసి చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం కంపెనీ మొత్తానికి టీ ఇప్పించాడు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పెద్దాయన కట్టుబాటు

ఎగ్జిబిషన్ అయిపోగానే పలకలు ఊడదీసి లారీలకు ఎక్కించేవాళ్ళం. బండ్లనూ తాళ్ళతో కట్టి లారీలోనే వేసేవాళ్ళం. రైడర్లు క్యాబిన్లోనో పలకల మీదో కూర్చుని రావాల్సిందే. చిత్తూరు నుంచి పలమనేరు ఎంత దూరమని? బండేసుకుని గంటలో పోయి కూర్చోవచ్చు. పోకూడదు. కంపెనీలో ఉన్నన్నాళ్ళూ ఏ రైడరూ రోడ్డు మీద బండి నడపకూడదనేది పెద్దాయన పెట్టిన కట్టుబాటు. పాల ప్యాకెట్ తేవడానికి కూడా నడిచే పోవాలి.

ఎందుకు? ఒక్కొక్కరిది ఒక్కో మాట. పెట్రోలు మీద పిసినారితనం అని కొందరు. లైట్లు లేని బండ్లు, పోలీసులు పట్టుకుంటారని కొందరు. మమ్మల్ని బజార్లో ఊరికే చూసేస్తే ఇంక టికెట్టు ఎవరు కొంటారని వంటాయన వాదం. నాకు పిసినారితనమే అనిపించేది. ఒకసారి నేరుగానే అడిగాను.

"ఎందుకన్నా ఈ రూలు?"

"కట్టుబాటు మే. లారీ ఎక్కు."

ఆయన్ని పిసినారి అన్నాను గానీ, జాగ్రత్తలో అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయనా ఒకప్పుడు రైడరే. కొత్త ఊళ్ళో బావి నిలబెట్టగానే సుత్తి పట్టుకుని చుట్టూ తిరిగి, ఒక్కో పలకనూ తట్టి చెవి పెట్టి వినేవాడు. ఎండకు పలక ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, బోల్టు వదులైతే మోతలో తేడా వస్తుంది. కార్వేటినగరంలో ఒకసారి జనం పైకెక్కి నిలబడ్డాక, నేను బండి స్టార్టు చేశాక, షో ఆపేశాడు. ఒక పలక మోత నచ్చలేదట. జనం ఈలలు వేశారు, బూతులు తిట్టారు. "అరిసేవోళ్ళు అరిసి ఇంటికి పోతారు. ఆ పలక నా మనిషిని తీసకపోతాది" అన్నాడు. నిజంగానే దాని వెనక బోల్టు విరిగి ఉంది. మీరు ఏ కంపెనీలో చేరినా, బావి నిలబెట్టాక యజమాని ఏం చేస్తాడో చూడండి. గోడ చుట్టూ తిరిగితే ఉండండి. టికెట్ల కిటికీ దగ్గరే కూర్చుంటే వచ్చేయండి.

ఆయనలో లోపం ఒక్కటే. కట్టుబాటు పెట్టేవాడు, కారణం చెప్పేవాడు కాదు.

మామిడి పెట్టెల ట్రాక్టరు

షాహీన్ బడికి పోయే వయసులో బాషన్న కంపెనీ వదిలేశాడు. బంగారుపాళ్యంలో పంక్చరు షాపు పెట్టుకున్నాడు. కంపెనీ వదిలాక కట్టుబాటూ వదిలినట్టే కదా, ఒక బండి కొన్నాడు. ఎంత మురిసిపోయాడో! "నాగా, లైట్లుండే బండి, హారనుండే బండి!" అని ఫోను చేశాడు.

ఒక మధ్యాహ్నం హైవే మీద పోతుంటే తోటలోంచి మామిడి పెట్టెల ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా వచ్చింది. పక్కనే టీ అంగట్లో కూర్చున్నవాళ్ళంతా చూశారు. అందరిదీ ఒకటే మాట. "ఆపేంత చోటుండాది. ఈయప్పే ఇంకా స్పీడు పెంచినాడు." బండి నేరుగా పోయి ట్రాక్టరు తొట్టికి గుద్దుకుంది. కుడికాలు నుజ్జయింది.

ఊళ్ళో రెండు కథలు పుట్టాయి. తాగి ఉన్నాడని ఒకటి, చావాలనుకున్నాడని ఇంకొకటి. బాషన్న జన్మలో చుక్క ముట్టలేదు. చావాలనుకునేంత కష్టమూ ఆయనకు లేదు. నేను ఆస్పత్రికి పోయి, మంచం పక్కన కూర్చుని, ఇంకెవరూ లేనప్పుడు అడిగాను.

"ఏం జరిగిందన్నా?"

తల నా వైపు తిప్పాడు.

"బయమేసింది నాగా. బయమేస్తే మనమేం జేస్తామో, అదే జేసినా."

బయటికి వచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని నా కుడిచెయ్యి మూస్తూ తెరుస్తూ ఉండిపోయాను. డబ్బా మోత చెవుల్లో వినబడింది. నాకు నేర్పినదాన్నే ఆయన చేశాడు. నేనైనా అదే చేసేదాన్ని.

అక్కడి నుంచి నేరుగా పెద్దాయన దగ్గరికి పోయాను. విషయం చెప్పగానే తల దించుకున్నాడు. "నా తమ్ముడు అట్లనే పోయినాడు. బావిలో గాదు, రోడ్డు మీద. అప్పుడు పెట్టినా ఆ కట్టుబాటు" అన్నాడు.

"మాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే మీకు గోడ పైన గుర్తొస్తాది. పైన ఉన్నప్పుడు చెయ్యి ఒక్క రవ్వ వెనకాడితే సాలు గదా. మిమ్మల్ని ఆడ కాపాడాల్నా, ఈడ కాపాడాల్నా?"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నాకు మాత్రం ఆ రోజు కోపం ఆగలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కారణం తెలిసి ఉంటే కంపెనీ వదిలాక కూడా బాషన్న ఆ బండి కొనేవాడు కాదు. పెద్దాయన బతికి ఉండగానే ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను.

బాషన్న కూడా ఊరివాళ్ళకు నిజం చెప్పలేదు. తాగాడంటే నమ్ముతారు. భయమేసి వేగం పెంచాడంటే ఎవరు నమ్ముతారు? ఇంకా నవ్వుతారు. ఇంట్లో అడిగినా మాట మార్చేవాడు.

అందరికీ ఇంతేనా

తెలియదు. ఆనాటి నుంచి నాకు ఇదే ఆరా. పాత రైడరు ఎక్కడ కనబడినా, "నువ్వు రోడ్డు మీద పోతావా? ఎదురుగా ఏమైనా వస్తే చెయ్యి ఏం చేస్తుంది?" అని అడుగుతాను. వేలూరు ఆయనొకడు రోజూ బండి మీదే తిరుగుతున్నాడు, ఏ ఇబ్బందీ లేదంటాడు. ఇంకొకాయన స్కూటరు అమ్మేశాడు, మోకాళ్ళ నొప్పికని చెబుతాడు, నేను నమ్మను. ఒకావిడ నా ప్రశ్న వినగానే లేచి లోపలికి వెళ్ళిపోయింది. కొందరి చేతులు రెండు విద్యలనూ విడివిడిగా దాచుకుంటాయేమో. ఎవరి చెయ్యి ఎలాంటిదో ముందే తెలుసుకునే మార్గం నాకైతే దొరకలేదు.

ఇంత చెప్పానని ఈ పనిని తిడుతున్నాననుకోవద్దు. ఒకసారి తిరుపతిలో పైన అంచున నిలబడిన ముసలమ్మ ఒకావిడ జడలోని మల్లెపూలు తీసి గోడ లోపలికి చెయ్యి చాపింది. నేను ఆ చుట్టులోనే పైదాకా వెళ్ళి పూలు అందుకుని, ఒంటి చేత్తో జడలో పెట్టుకుని దిగాను. మామిడికాయలు కోసుకుంటూ ఉండి ఉంటే నా కోసం అన్ని గొంతులు ఒక్కసారి అరిచేవా? ఆ పని చేసినందుకు నాకు గర్వమే.

అందుకే ఆదివారం నాటికి షాహీన్‌కు సరే అనాలనే నిర్ణయించుకున్నాను. కట్టుబాటుతో పాటు కారణమూ చెప్పి పంపుదామని.

ఆదివారం

"నాయన ముందరే చెప్పు అత్తా, రా కూర్చో" అంది షాహీన్. బస్సుకు వస్తానంటే వినలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత బండెక్కాను, అదీ వెనక సీట్లో. కుడిచెయ్యి ఆమె భుజం మీద వేసుకున్నాను. పిల్ల బాగా నడుపుతుంది, తొందర లేదు. నాకు గాలి కూడా హాయిగా అనిపించింది. దారిలో బావి గురించి కబుర్లే.

బంగారుపాళ్యం ఇంకాస్త దూరం ఉందనగా, ముందు పోతున్న షేరాటో చెయ్యెత్తిన మనిషి కోసం ఉన్నట్టుండి అడ్డంగా తిరిగి ఆగింది. షాహీన్ బ్రేకు వేసింది. టైరు కిర్రుమనలేదు, బండి తొణకలేదు. ఆటోకు మూరెడు దూరంలో నిలబడ్డాం. ఆటోవాడు వెనక్కి చూసి నవ్వి పోయాడు.

"అత్తా, నొప్పి! భుజం వొదులు."

చూసుకున్నాను. నా కుడి మణికట్టు కిందికి వంగి ఉంది. ఆమె భుజాన్ని గట్టిగా పట్టి నా వైపుకు మెలితిప్పేశాను. వేళ్ళు విప్పాలంటే ఎడమచేత్తో ఒక్కొక్కటీ లాగాల్సి వచ్చింది.

"ఏమైంది అత్తా? బయపడినావా?"

"రేజ్ ఇచ్చినా మే."

నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. బండిని పక్కకు తీసి స్టాండు వేసింది. తన చేతి వైపు చూసుకుంది. రెండు వేళ్ళు ఇంకా బ్రేకు పిడి మీదే ఉన్నాయి.

"ఆటో అడ్డం వస్తే రేజ్ ఇచ్చినావా? నువ్వు బావి మానేసి ఎన్నేళ్ళాయె?"

"చెయ్యి మానలేదు."

లారీలు పోతున్నాయి. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"అంటే అత్తా... ఆ పొద్దు నాయన..."

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఈ పిల్ల ఊళ్ళో పుట్టిన ఆ రెండు కథల మధ్యే పెరిగింది. బడిలో పిల్లలు ఏమన్నారో, ఇరుగుపొరుగు ఏమన్నారో. తండ్రి తాగుబోతా, లేక తనను వదిలేసి చావాలనుకున్నాడా అని ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకుని తిరిగింది.

"తాగలేదు. సావాలనీ అనుకోలేదు మే. బయమేసింది మీ నాయనకు. అంతే."

షాహీన్ రోడ్డు పక్కనే కూర్చుని మొహం చున్నీలో దాచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బస్సులో పోతున్నవాళ్ళు కిటికీల్లోంచి చూశారు, చూడనీ.

లేచాక చున్నీతో మొహం తుడుచుకుంది. నేను తయారు చేసుకున్న మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వేం చెప్పొద్దు అత్తా. నాకు రోడ్డు కావాల. వారం వారం నాయన దెగ్గరికి రావాల గదా."

షాపు ముందు బాషన్న టైరు పక్కన పెట్టి, ఊతకర్ర మీద లేచి నిలబడ్డాడు. మా మొహాలు చూసి భయపడ్డాడు.

"ఏమన్నది మీ అత్త?"

"ఏమీ అనలేదు నాయనా. భుజం ఇరగ్గొట్టింది." అని దగ్గరికి పోయి ఆయన కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. గ్రీజు అంటుతుందని ఆయన లాక్కోబోయాడు. వదల్లేదు. బాషన్న నా వైపు చూశాడు. చెప్పేశానన్నట్టు తలూపాను. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, మొహం మాత్రం ఎన్నేళ్ళుగానో మోస్తున్న మూట దించినట్టు తేలికైంది.

అన్నాలు తిన్నాం, పొద్దు వాలకముందే షాహీన్ తిరుపతికి బయలుదేరింది. నేను బస్సుకు పోతానన్నాను, ఈసారి ఆమె బలవంతం చెయ్యలేదు. బాషన్న, నేను షాపు ముందు నిలబడి చూస్తున్నాం. మలుపు దగ్గర మేకల మంద రోడ్డెక్కింది. నా కుడిచెయ్యి బిగుసుకుంది. పక్కన ఊతకర్ర మీద బాషన్న పిడికిలి కూడా బిగుసుకుంది. అంత దూరంలో, బండి వెనక ఎర్రదీపం వెలిగింది.

"చూసినావా నాగా," అన్నాడు బాషన్న. "బ్రేకేసింది."